దగ్గు సారు, బదులు తెమడ

ఫస్ట్ క్లాసు! ముందుగాల గీ ఒక్క మాట చెప్పనియ్యిండ్రి, లేకుంటె నా కడుపు పగులుతది. బీయెస్సీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, ఫస్ట్ క్లాసు. మా బాపు దిక్కు చూసినా, మా అవ్వ దిక్కు చూసినా, ఏడు తరాలు ఎనుకకు ఎతికినా డిగ్రీ చేసిన మనిషి దొరకడు. మా తాతది ఏలిముద్ర. మా నాయనమ్మది ఏలిముద్ర. మా అవ్వ సంతకం పెడ్తది గాని, అది సంతకమో తొండ పాకిన జాడనో బ్యాంకోళ్ళు గూడ చెప్పలేరు. గసొంటి ఇంట్ల నేను!

ఫోన్ల రిజల్టు చూసినప్పుడు మా అవ్వ ఒళ్ళె చాట పెట్టుకొని బీడీలు చేస్తుంది. "ఏమైందే?" అన్నది. "పాస్ అవ్వా! ఫస్ట్ క్లాస్!" అని ఒర్రిన. చాట ఎగిరింది. చాటల తంబాకంత గాలికి లేసింది. ఇగ ఇద్దరం తుమ్ముడు మీద తుమ్ముడు. తుమ్ముకుంట నవ్వుడు, నవ్వుకుంట తుమ్ముడు. మస్కట్ల ఉన్న మా బాపుకు వీడియో కాల్ చేస్తె, ఆయన ఫోను పట్టుకొని రూమంత తిరిగి అందరికి నా మొకం చూపెట్టిండు. మెట్‌పల్లాయనకు, రాయికలాయనకు, ఆఖరికి మన మాట రాని బెంగాలాయనకు గూడ. ఆయన దండం పెట్టిండు. నేను గూడ పెట్టిన.

ఇంకో ముచ్చట ఉన్నది, ఆగుండ్రి. సిరిసిల్ల సర్కారు దవాఖానల, ల్యాబుల, కాంట్రాక్టు మీద కొలువచ్చింది! కాయిదం గదే వారం అచ్చింది. సోమవారం చేరాలె.

"ఇగ ఎవలెవలికి చెప్పాలె?" అని మా అవ్వ ఏళ్ళు మడుసుకుంట షురూ చేసింది. మేనమామ, పెద్దమ్మ, కార్ఖానల మేస్త్రి...

"ముందు దగ్గు సారుకు" అన్న నేను.

మా అవ్వ మడిచిన ఏళ్ళన్ని మల్ల ఇప్పేసింది. "అవునే. ముందు గాయినకే."

గందుకే తెల్లారి కోరుట్లల బస్సెక్కి, వేములవాడల మారి, సిరిసిల్లల దిగిన. చేతుల కిలో బాదుషా, బ్యాగుల నా మెమోల ఫైలు. దారంత ఒక్కటే మాట లోపల్లోపల తిప్పుకుంట పోయిన: "సార్, నేను పాసైన. సార్, నేను పాసైన." పక్క సీటు ఆమె నా దిక్కు అనుమానంగ చూసి జెర జరిగి కూసున్నది. రిటైరైనంక సారు సిరిసిల్లల ఉంటుండని తెల్సు గాని ఇల్లు తెల్వది. సాంచెల గల్లీలకు పోయి, ఓ సాంచెల షెడ్డు ముంగట నిలవడ్డాయనను అడిగిన. కరెంటు మగ్గాలను ఈడ సాంచెలంటరు. టకటక టకటక, మనిషి మాట మనిషికి ఇనవడదు.

"దగ్గు సారు ఇల్లు యాడ?" అని చెవుల ఒర్రిన.

"ఎవలు దగ్గినా బండి ఆపి అడిగే సారా? గదో, నీలం గేటు."

సిరిసిల్లల గూడ గదే పేరు! నవ్వుకుంట పోయి గేటు కొట్టిన. ఒక పెద్దామె అచ్చింది. నెరిసిన జుట్టు, ముక్కుకు పెద్ద ముక్కుపుల్ల. సారు భార్య.

"సారు ఉన్నడా అమ్మా?"

ఆమె నా చేతుల డబ్బా చూసింది, నా మొకం చూసింది. "పోయిన ఎండకాలమే పోయిండు బిడ్డా. గుండె. నిద్రల్నే పోయిండు."

బస్సుల తిప్పుకున్న మాట గొంతుల్నే నిలవడ్డది. నేను పరీక్షలని, ప్రాజెక్టని ఊరు మొకం చూడక తిరిగిన. గాయిన పోయిన సంగతి నాకు చెప్పేటోళ్ళు గూడ లేకపోయిరి. గేటు పట్టుకొని ఏడ్సిన. ఆమె, "ఏడుపు తర్వాత. గా డబ్బల ఏమున్నది?" అన్నది.

"బాదుషా."

"ఆయినకు బాదుషా అంటె పానం. రా లోపటికి."

వంటింట్లకు తీస్కపోయి పీట ఏసింది. కూసొని తల ఎత్తి చూస్తును గదా, అల్మార మీద వరుసగ డబ్బీలు. తెల్ల ప్లాస్టిక్కు, గుండ్రటి మూత. ఒకదాంట్ల జీలకర్ర, ఒకదాంట్ల ఆవాలు, ఒకదాంట్ల మెంతులు, ఒకదాంట్ల లవంగాలు. నా ఏడుపు ఎటు పోయిందో! అవి తెమడ డబ్బీలు. దవాఖానల దగ్గు పరీక్షకు తెమడ పట్టిచ్చే డబ్బీలు!

నా మొకం చూసి ఆమెకు సమజైంది. "కొత్తయే బిడ్డా, కొత్తయి! మూత సరిగ పడవని దవాఖానోళ్ళు పారేస్తుంటె తెచ్చిండు. వాడినయి గావు, నీ మీద ఒట్టు!"

ఇద్దరం నవ్వినం. ఏడ్సుకుంటనే నవ్వినం. ఇగ గప్పుడు అనుకున్న, గీయిన గురించి రాయాలె అని.

సారు పేరు నేను రాయ. మా వాడకట్టుల సగం మందికి ఆయన పేరే తెల్వది. కోరుట్లల మా బీడీల వాడకు టీబీ డిపార్టుమెంటు నుంచి అచ్చేటోడు. బక్కగ, పొడుగ్గ, చెరుకు గడ లెక్క ఉండేటోడు. నడుస్తుంటె ఎడమ చెవు ముందు నడిసేది, మనిషి ఎనుక నడిసేటోడు. గట్ల మెడ ఒంపుకొని, గోడల దిక్కు చెవు పెట్టుకుంట పోయేటోడు. ఆయినకో పాత మోపెడు. సైలెన్సరు పలిగి ఉండె. పట్ పట్ పట్ అని రెండు వాడల అవుతల నుంచే ఇనవడేది.

ఆ సప్పుడు ఇనంగనె వాడ వాడంత దగ్గు ఆపుకునేది!

నిజంగ. బీడీలు చేసే వాడకట్టు, పొద్దంత తంబాకు దుమ్ము, ఎప్పుడూ ఎవలో ఒకలు దగ్గుతనే ఉంటరు. పట్ పట్ ఇనవడ్డదా, ఒక్కసారె నిశ్శబ్దం. ఆడోళ్ళు కొంగు నోట్ల కుక్కుకునేటోళ్ళు. ముసలోళ్ళు చెంబెడు నీళ్ళు గటగట తాగేటోళ్ళు. ఎందుకంటె దగ్గు ఇనవడ్డదంటె సారు దిగుతడు, డబ్బీ ఇస్తడు. ఆయన ఎవలింటి ముంగట దిగితె గా ఇంట్ల టీబీ ఉన్నదని వాడంత అనుకుంటది.

సారుకు గది తెల్వదా? మస్తు తెల్సు. ఒకనాడు మూల మీది తాత గద్దె మీద కూసొని దగ్గు బిగవట్టిండు. మొకం ఎర్రగైంది, కండ్లు బయటికచ్చినయి. సారు బండి ఆపి, ఆయన పక్కనే కూసొని ముచ్చట పెట్టిండు. "ఏం తాతా, ఆనలెట్ల వడ్డయ్? మక్కలెట్ల పండినయ్? నీ మన్మడు బడికి పోతుండా?" తాత తల మాత్రం ఊపుతుండు. నోరు తెరుస్తలేడు. సారు పల్లికాయలు ఒలుసుకుంట తింటుండు, లేస్తలేడు. ఆఖరికి తాత బాంబు పేలినట్టు దగ్గిండు. చూరుకున్న పిట్టలు లేసి పోయినయి.

సారు ఒక పల్లికాయ తాత చేతుల పెట్టి అడిగిండు: "ఎన్ని దినాలాయె?"

గదే ఆయన మొదటి మాట ఎవలికైనా. పేరు అడుగడు, కులం అడుగడు. ఎన్ని దినాలాయె?

దగ్గులకు ఆయన పేర్లు పెట్టుకున్నడు. పోపు దగ్గు, అంటె పక్కింట్ల మిరపకాయలు ఏంపుతున్నరన్నట్టు. అత్త దగ్గు, అంటె కోడలికి ఇనవడాలని దగ్గేది. తంబాకు దగ్గు. మొగడు తాగచ్చిండని దగ్గే దగ్గు. ఇయ్యన్ని ఇని ఊకుండేటోడు. ఒక్కొక్కసారి మాత్రం నడుసుకుంట నడుసుకుంట టక్కున నిలవడి, ఏలు పైకి లేపి, "గిది నాది" అనేటోడు. గట్ల అన్నడంటె మల్ల గా ఇంటిని ఇడిసేది లేదు.

ఆయినకు ఇంకో అలవాటు. ఎవలింట్లనన్న టీబీ అని తేలిందనుకో, గా ఇంటి ముంగట గద్దె మీద కూసొని చాయ్ అడిగేటోడు. లోపల గాదు, బయట, అందరు చూసేటట్టు. వాళ్ళ గిలాసల్నే. సుర్ర్ర్ అని గా చివర మీదోళ్ళకు గూడ ఇనవడేటట్టు తాగేటోడు. చాయ్ బాగలేకున్నా రెండోది అడిగేటోడు. "రోగం మనిషికస్తది, గిలాసకు రాదు" అనేటోడు.

ఇగ మా అవ్వ ముచ్చట. నేను ఏడో తరగతి. మా అవ్వకు పొడి దగ్గు పట్టుకున్నది. ఒకనాడు మోపెడు సప్పుడు చేసుకుంట గాదు, సైకిలు లెక్క తొక్కుకుంట అచ్చిండు సారు. మా అవ్వ దొరికిపోయింది.

"ఎన్ని దినాలాయె?"

"నెల దాటింది సారూ. తంబాకు దగ్గే."

"నువ్వు చెప్పుడు గాదు, డబ్బీ చెప్పాలె. రేపు పొద్దుగాల లేవంగనె, మొకం కడుక్కోకముందు, లోపటి నుంచి తీసి గీ డబ్బీల పట్టు."

తెల్లారి మా అవ్వ పట్టిచ్చింది. సారు వెలుతురుకు పెట్టి చూసి తల ఊపిండు. "ఇది ఉమ్మి. నాకు తెమడ గావాలె. ఉమ్మి నాకు గూడ అస్తది." ఇంకో డబ్బీ ఇచ్చిండు.

మా అవ్వకు మస్తు నామోషైంది. బీడీల పనుల ఇయ్యాల్టి వరకు ఆమె తెచ్చిన సరుకు ఎవ్వలూ వాపస్ చెయ్యలే. తెల్లారి పొద్దుగాల్నే దగ్గింది, దగ్గింది, కండ్లళ్ళ నీళ్ళచ్చినయి గాని తెమడ రాలే. పొడి దగ్గాయె, యాడికెల్లి అస్తది? పట్ పట్ సప్పుడేమో దగ్గరికి అస్తుంది. గప్పుడు మా అవ్వ ఏం చేసింది? బీడీలు చేసేటోళ్ళు ఏం చేస్తరో గదే చేసింది. కార్ఖానకు పోయే యాళ్ళకు పది బీడీలు తక్కువ పడ్డయనుకో, పక్కింటామె కాడ పది బదులు తెచ్చుకుంటరు. రేపు ఆమెకు తక్కువ పడితె మనం ఇస్తం. మా వాడకట్టుల పుట్టినకాడి నుంచి గదే రివాజు. గట్లనే మా అవ్వ నడిమి గోడ మీది నుంచి మెడ చాపి, పక్కింటి లచ్చవ్వ చిన్నమ్మను పిలిచింది.

"లచ్చవ్వా, జెర తెమడ ఉంటె బదులియ్యే."

"ఎంత గావాలె?"

"గీ డబ్బీకి సగం."

"అయ్యో, గదెంత పనే! పొద్దుగాల పొద్దుగాల నాకు దోసెడొస్తది" అని చిన్నమ్మ డబ్బీ తీస్కొని, ఒక్క దగ్గు దగ్గి, నింపి ఇచ్చింది. "మల్ల గావాలంటె అడుగు, సిగ్గువడకు" అని గూడ అన్నది.

నేను పండ్లపొడి నోట్లేసుకొని చూస్తనే ఉన్న.

సారు వెలుతురుకు పెట్టి చూసి, "శాబాష్!" అన్నడు. మా అవ్వ మొకం ఎలిగిపోయింది.

నాలుగు దినాలకు సారు మల్ల అచ్చిండు. ఈసారి శాబాషనలే. లోపటికచ్చి, తలుపు దగ్గరికేసి, మెల్లగ చెప్పిండు. "టీబీ ఉన్నది. భయపడకు. ఆరు నెలలు మందులు మింగితె పోతది."

మా అవ్వ గోడ దిక్కు చూసింది. గోడ అవుతల లచ్చవ్వ చిన్నమ్మ ఎవల్నో తిట్టుకుంట నవ్వుతుంది. సారు పోయినంక నన్ను దగ్గరికి గుంజి, నా చెయ్యి తన నెత్తి మీద పెట్టుకున్నది. "ఎవ్వలికి చెప్పద్దు. నా మీద ఒట్టు. లచ్చవ్వ మొగడు పోయి రెండేండ్లాయె, బీడీల మీదనే బతుకుతుంది. దానికి గీ రోగమని తెలిస్తె కార్ఖానల ఎవలన్న పక్కన కూసోనిస్తరా? మందులు నాకిస్తడు గదా, నేను గోడ మీదికెల్లి దానికిస్త. ఏదో బలం గోలీలని మింగిస్త."

మా అవ్వ లెక్క మంచిగనే ఉండె. కాని సారును మర్చిపోయింది.

ఏడు గోలీలు, దినం తప్పి దినం. సారు పొద్దుగాల్నే అచ్చి, గిలాసల నీళ్ళు పోసి, ముంగట కూసునేటోడు. "ఏస్కో. మింగు. నోరు తెరువ్. నాలుక లేపు. ఈ బుగ్గ. ఆ బుగ్గ. ఆఁ, ఇగ బువ్వ తిను." మొదటి నాడు మా అవ్వ దాసే సందు దొరకక ఏడుకు ఏడు మింగింది. కొంచెం సేపటికి బాత్రూంల నుంచి ఒక్కటే ఒర్రుడు. "ఎర్రగ పోతుందే! నేను సస్తున్ననే!" మందుతోని గట్లనే పోతదని సారు ముందే చెప్పిండు, ఈమె ఇనలే.

రెండోసారి ఒక గోలీ కొంగుల దాసింది. సారు చూడనట్టే చూసిండు. "ఏడు గోలీలిచ్చిన. ఆరు పోయినయి. ఏడోది కొంగు మింగిందా? దానికి గూడ దగ్గున్నదా?"

ఇగ చూడుండ్రి. రోగం చిన్నమ్మది, మందులు మా అవ్వయి. మా అవ్వేమో తేటగున్నది, ఎర్రగ పోసుకుంట మందులు మింగుతుంది. చిన్నమ్మేమో నవ్వుకుంట, బీడీలు చేసుకుంట, లోపలికి లోపలికి ఒడిసి బక్కగైతుంది. ఇప్పుడు చెప్తుంటె నవ్వస్తది. గప్పుడు నాకు రాలే. ఒకనాడు చిన్నమ్మ రవికె జారుతుందని రెండు దిక్కుల కుట్టేసుకుంటుంటె చూసిన. ఇంకోనాడు నన్ను ఒళ్ళె కూసోవెట్టుకున్నది, ఆమె ఎముకలు నా ఈపుకు గుచ్చుకున్నయి. గదేనాడు ఆమె దగ్గి, చీర అంచుకు తుడుసుకొని మడత పెట్టింది. మడత లోపల ఎర్ర చుక్క. చిన్నమ్మ గూడ చూసింది. నేను చూసిన్నని చూసి, "ఆకు వక్క ఏసుకున్ననే" అన్నది. ఆమె ఆకు ఏసుకోదు.

ఒట్టు తప్పితె అవ్వ సస్తది. తప్పకుంటె చిన్నమ్మ సస్తది. మూడు దినాలు నాకు బువ్వ మింగుడు పడలే. నాలుగోనాడు బడికి పోతున్నని చెప్పి వాడ చివరకు పోయి నిలవడ్డ. పట్ పట్ పట్ అని సారు అచ్చిండు. చెయ్యి అడ్డం పెట్టిన.

"ఏంది బిడ్డా, నీకు గూడ దగ్గా?"

"లేదు సార్. మా అవ్వ ఇచ్చిన తెమడ మా అవ్వది గాదు. బదులు తెచ్చింది."

సారు ఎడమ చెవు నా దిక్కు తిప్పిండు. "ఏం తెచ్చింది?"

"బదులు సార్. లచ్చవ్వ చిన్నమ్మ కాడ. సగం డబ్బీ."

సారు బండి స్టాండేసిండు. తర్వాత గా చెరుకు గడ ఒంగింది. నవ్వుడు, నవ్వుడు, బండి హ్యాండిలు పట్టుకొని నవ్వుడు. నవ్వీ నవ్వీ దగ్గచ్చింది ఆయినకు. "ఇన్నేండ్ల సర్వీసుల ఉమ్మి ఇచ్చినోళ్ళను చూసిన, నీళ్ళు ఇచ్చినోళ్ళను చూసిన, గంజి ఇచ్చినోడ్ని గూడ చూసిన. బదులు తెచ్చినోళ్ళను చూడలే తల్లీ!"

నేను మాత్రం ఏడుస్తున్న. "సార్, ఒట్టు తప్పిన. మా అవ్వ సస్తది."

ఆయన నవ్వు ఆగింది. జేబుల నుంచి మందుల చిట్టీల బుక్కు తీసిండు. బండి సీటు మీద పెట్టి రాసిండు: "ఈ అమ్మాయి ఒట్టు తప్పలేదు, మందు చెప్పింది. ఈమె అవ్వకు ఏమీ కాదు." కింద సంతకం చేసి, తారీఖు ఏసి, నా చేతుల పెట్టిండు. "ఇది గవర్నమెంటు చిట్టి. దీని ముంగట ఒట్లు గిట్లు నడువయ్. బడికి పో."

గా చిట్టి నా ఫైలుల గిప్పుడు గూడ ఉన్నది. పదో తరగతి మెమో కన్నా ముందు పెట్టిన దాన్ని.

గా సాయంత్రమే సారు మా ఇంటికచ్చిండు. "లచ్చవ్వను పిలువు. చాపత్త బదులు గావాలని చెప్పు" అన్నడు మా అవ్వతోని. చిన్నమ్మ చాయ్‌ల ఏసే చాపత్త పట్టుకొని రానే అచ్చింది. సారు పీట మీద కూసొని, మస్తు మర్యాదగ చెప్పిండు: "లచ్చవ్వా, నువ్వు బదులిచ్చిన సరుకు మంచిగ లేదు. వాపస్ తీస్కోవాలె."

చిన్నమ్మకు మొదలు సమజ్ గాలే. సమజైనంక కొంగు దోపుకున్నది. "నన్ను బద్నాం చేస్తున్నవా సారూ? నాకేం రోగం? కొండ లెక్క లేనా?" అని లేసింది. లేసినామె గంతే, దగ్గు తెరలు తెరలుగ అచ్చి, గోడ పట్టుకొని కింద కూసున్నది. చాపత్త అంత నేల మీద పడ్డది.

"నేను చేసిన బీడీలు ఎవలు ముడ్తరు ఇగ?" అన్నది చిన్నమ్మ. గంత చిన్నగ ఆమె మాట్లాడుడు నేను గప్పుడే ఇన్న.

మా అవ్వ నేల మీది చాపత్త ఎత్తుకుంటనే అన్నది. "రోగం నాదనే అనుకోనియ్యి అందర్ని. సారు మా ఇంటికస్తుండని ఇప్పటికే అనుకుంటున్నరు. మల్ల కొత్తగ ఏం అనుకుంటరు?"

సారు అద్దాలు తీసి అంగీకి తుడిసిండు. చానా సేపు తుడిసిండు. "రికార్డుల నేను నిజమే రాస్త" అన్నడు. "కాని గా రికార్డు వాడకట్టుకు చదివి ఇనిపియ్యాలని రూలేం లేదు."

చిన్నమ్మ పేరు మీద కొత్త మందుల డబ్బా అచ్చింది. రెండిండ్లల్ల అందరికి డబ్బీలు ఇచ్చి పరీక్షలు చేసిండు, నాకు గూడ. మా అవ్వకు పొగాకు దుమ్ము పడతలేదు, గంతే. ఇగ ఆరు నెలలు, దినం తప్పి దినం, చిన్నమ్మ ఎనుక తలుపు నుంచి గిలాస పట్టుకొని చాపత్త బదులుకు మా ఇంటికస్తది. లోపల సారు ఉంటడు. మింగు, నోరు తెరువ్, నాలుక లేపు, ఆ బుగ్గ, ఈ బుగ్గ.

"లచ్చవ్వకు దినం తప్పి దినం చాపత్త ఒడుస్తదేందే?" అని ఎదురింటామె అడిగితె, "అది చాయ్‌కి మరిగిందే" అన్నది మా అవ్వ.

వాడకట్టోళ్ళు మా ఇంట్ల నీళ్ళు తాగుడు బంద్ చేసిండ్రు. కార్ఖానల మా అవ్వ పక్కన జాగ ఖాళీగ ఉండేది. మా అవ్వ ఆరు నెలలు గా ఖాళీ పక్కన కూసున్నది. గా ఖాళీల రోజూ అచ్చి కూసునే ఒకే ఒక్క మనిషి లచ్చవ్వ చిన్నమ్మ. సారేమో మందులిచ్చుడు కాంగనె మా గద్దె మీదికచ్చి కూసునేటోడు. సుర్ర్ర్ర్! రెండో చాయ్. సుర్ర్ర్ర్! మా అవ్వ చాయ్‌ల ఎప్పుడూ చక్కెర ఎక్కువే. ఆయినకు షుగరున్నదట. గీ సంగతి నాకు నిన్న సారు ఇంట్లనే తెలిసింది.

ఆరు నెలలైనంక సారు నన్ను మోపెడు ఎనుక కూసోవెట్టుకొని దవాఖాన ల్యాబుకు తీస్కపోయిండు. మైక్రోస్కోపు అద్దంల కన్ను పెట్టమన్నడు. అంత నీలం. గా నీలంల సన్నగ, ఎర్రగ, దారం పోగులు తెగి పడ్డట్టు. "చూసినవా? మీ చిన్నమ్మ బదులిచ్చింది గిదే. ఇగ గిది మొన్నటిది" అని ఇంకో స్లైడు పెట్టిండు. ఒట్టి నీలం. ఒక్క పోగు లేదు. నేను కన్ను తియ్యలే. ఆయన తియ్యమనలే. గా నీలం చూసినప్పుడే అనుకున్న, నేను గీ పనే చేస్తనని.

చిన్నమ్మ గిప్పుడు ఎట్లున్నదనుకున్నరు? రవికెలు రెండుసార్లు ఇప్పి కుట్టిచ్చుకున్నది, పట్టక! లచ్చవ్వ ఆమె అసలు పేరు గాదు. రాస్తనంటె, "రాయి బిడ్డా, నా తెమడ గింత పనికస్తదని నాకేం తెల్సు" అని ఎగిరెగిరి నవ్వింది.

ఇదంత నేను సారు భార్యకు చెప్పలే. మా అవ్వ ముచ్చట, చిన్నమ్మ ముచ్చట వేరే ఊర్లె, వేరే ఇంట్ల చెప్పుడెట్ల? "సారు మా వాడకు అచ్చేటోడమ్మా. ఆయన చిట్టి ఒకటి నా కాడున్నది" అని మాత్రం అన్న. ఫైలు తీసి చూపెట్టిన.

ఆమె అద్దాలు పెట్టుకొని చదివింది. చదివి, నా రెండు భుజాలు పట్టుకున్నది. "నువ్వా! బదులు తెమడ పిల్లవు నువ్వేనా!"

"మీకు తెల్సా?"

"తెల్వకేంది? పెండ్లిళ్ళళ్ళ, దావతులల్ల, యాడ కూసుంటె ఆడ గదే ముచ్చట. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి లెక్క నవ్వేటోడు. ఏ ఊరయ్యా, ఎవలయ్యా వాళ్ళు అని నలభైసార్లు అడిగిన. కట్టుకున్న పెండ్లాన్ని, నాకు గూడ చెప్పలే! రికార్డుల ఉన్నది పో అనేటోడు." కండ్లు తుడుసుకున్నది. "ఆఖరికి మాత్రం ఒక మాట అనేటోడు. గా పిల్ల యాడున్నదో, గా కన్ను అద్దంల నుంచి తియ్యకపాయె అని."

నేను బాదుషా డబ్బా తెరిచి గోడకున్న సారు ఫోటో ముంగట పెట్టిన. "సార్, నేను పాసైన" అన్న. గొంతు మంచిగనే అచ్చింది. ఆమె ఒకటి తీసి ఫోటోకు చూపెట్టి, తనే తినేసింది. "ఆయినకు షుగరు" అన్నది.

నన్ను సాగనంపనీకి గేటు దాటి షెడ్డు దాక అచ్చింది. సాంచెలు టకటక నడుస్తున్నయి. పొద్దుగాల దారి చెప్పినాయనే లోపల నిలవడి తెగిన పోగు ముడేస్తుండు. గా సప్పుడుల, గా టకటకల నడిమిట్ల, ఒక దగ్గు ఇనవడ్డది. నేను నిలవడ్డ. ఆమె గూడ నిలవడ్డది. నా మెడ ఎడమ దిక్కు ఎప్పుడు ఒంగిందో నాకే తెల్వది.

"ఎన్ని దినాలాయె?" అని ఒర్రిన.

ఆయన టక్కున నోరు మూసుకున్నడు. మొకం ఎర్రగైంది. నేను కదలలే. సారు భార్య కొంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వుతుంది. కొంచెం సేపటికి ఆయన ఇగ ఆపలేక దగ్గిండు, మస్తుగ దగ్గిండు.

"నూలు దుమ్మమ్మా, గంతే. నెలన్నర."

"సోమవారం సర్కారు దవాఖానకు రా. ల్యాబుల నేనే ఉంట, డబ్బీ ఇస్త. మంగళారం పొద్దుగాల లేవంగనె, మొకం కడుక్కోకముందు, లోపటి నుంచి తీసి పట్టుకరా."

"అట్లనే."

"నీదే తేవాలె" అన్న. "బదులు తేవద్దు."